పుట్టుబుద్ధి మారదా? తొరపల్లి రాజాజీ జీవితంలో ఒక అధ్యాయం

కృష్ణగిరి జిల్లాలో హోసూరు పట్టణానికి చేరువలో తొరపల్లి అనే పల్లె ఉంది. తెలుగు, కన్నడ, తమిళం మూడూ ఒకే వీధిలో వినబడే సీమ ఇది. 1878 డిసెంబరు 10వ తేదీన ఆ గ్రామ మునసబు చక్రవర్తి అయ్యంగారు, సింగారమ్మ దంపతులకు ఒక మగశిశువు జన్మించాడు. చిన్ననాడు తరచు జబ్బుపడి తల్లిదండ్రులను కలవరపెట్టిన ఆ బిడ్డే తరువాతి కాలంలో దేశమంతా రాజాజీ అని పిలుచుకున్న చక్రవర్తి రాజగోపాలాచారి.

ఆయన అలంకరించిన పదవుల జాబితా పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. మద్రాసు రాష్ట్రానికి రెండు పర్యాయాలు ప్రభుత్వాధినేత, స్వతంత్ర భారతదేశానికి ఏకైక భారతీయ గవర్నర్ జనరల్, 1954లో భారతరత్న. అంతగా ప్రచారంలోకి రాని విషయం మరొకటి ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన పల్లెలలో పెద్దలు అంటూ ఉంటారు. మనిషి అలవాటును, కోపాన్ని, ఆలోచనా సరళిని సాధనతో మార్చవచ్చునా అన్న ప్రశ్న రాజాజీని జీవితమంతా వెంటాడింది. నేడు మానసిక వైద్యశాలలలో ఆలోచనా ప్రవర్తనా చికిత్స అనే పద్ధతి ఉంది. దాని ఆచార్యులు తమకు మూలపురుషులుగా చెప్పుకొనే ప్రాచీన తత్త్వవేత్తలలో ఒకరిని తమిళ పాఠకుల చేతికి అందించినది ఈ తొరపల్లి మనిషే. ఆయన వైద్యుడు కారు, ఆ చికిత్స పేరు కూడా ఆయన యౌవనంలో పుట్టలేదు. అయినా ఆయన జీవితాన్ని ఈ కోణం నుంచి చూస్తే, సరిహద్దు పల్లెలలోని ఎన్నో ఇళ్ళలో నేటికీ తెగని ఒక బాధకు సంబంధించిన సంగతులు బయటపడతాయి.

తొరపల్లిలో అక్షరాభ్యాసం, హోసూరు ప్రభుత్వ పాఠశాలలో చదువు, ఆపై బెంగళూరు సెంట్రల్ కాలేజీలో పట్టం, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో న్యాయశాస్త్రం. 1897లో అలమేలు మంగమ్మతో వివాహమైంది. 1900 ప్రాంతంలో సేలంలో వకీలుగా ప్రవేశించి కొద్దికాలంలోనే పేరు, ధనం రెండూ గడించారు. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలం జిల్లాలోనివే. 1917లో సేలం మునిసిపల్ చైర్మన్ అయ్యారు. అస్పృశ్యతకు ఎదురునిలిచి సొంత కులంవారి ఆగ్రహానికి గురయ్యారు. రాజద్రోహ నేరం మోపబడిన డాక్టర్ వరదరాజులు నాయుడి పక్షాన న్యాయస్థానంలో వాదించారు.

ఇంతలో 1916లో భార్య మరణించింది. అయిదుగురు బిడ్డలు, ఇంకా నలభై నిండని తండ్రి. ఆ రోజులలో అటువంటి పరిస్థితిలో ఉన్నవాడు ఏడాది తిరగకముందే మరొక పెండ్లి చేసుకోవడం వింత కాదు. రాజాజీ మళ్ళీ వివాహం చేసుకోలేదు. ఉబ్బసంతో బాధపడే శరీరం, తల్లిలేని పిల్లలు, పెరిగిపోతున్న ప్రజాజీవితం. వీటి నడుమ ఆయన తనను తాను ఒక కట్టుబాటులో పెట్టుకున్నారు. సాదా ఖద్దరు, మితాహారం, మితభాషణం. గాంధీజీతో పరిచయం తరువాత రాబడిగల వృత్తిని కూడా వదలుకున్నారు.

సహాయనిరాకరణోద్యమంలో 1921 డిసెంబరులో ఆయనకు మూడు నెలల శిక్ష పడి వెల్లూరు జైలుకు పంపారు. అక్కడ ఆయన దినచర్య రాసుకున్నారు. ఈ దినచర్యను సాధారణంగా ఒక జోస్యం కోసం తలచుకుంటారు. స్వరాజ్యం వచ్చిన తరువాత ఎన్నికలు, అవినీతి, ధనబలం ప్రజలను పీడించగలవని ఆయన అందులో ముందే ఊహించారు. ఆ జోస్యం సరే. ఇక్కడ గమనించవలసినది రాసుకునే పద్ధతి. జైలు తిండి, ఒంటి నలత, గదిలోని అసౌకర్యం, తోటి ఖైదీల నడత, వీటిని చూచి తన మనస్సు ఎలా స్పందిస్తున్నదో కాస్త ఎడంగా నిలబడి నమోదు చేసుకున్నారు. జరిగినది ఒకటి, దానిపై మనస్సు వేసుకునే వ్యాఖ్యానం మరొకటి అని విడదీసి చూడడానికి కాగితం, కలం మించిన సాధనం లేదు. ఈ సంగతి ఆయనకు పద్దెనిమిది శతాబ్దాల క్రితమే ఒక చక్రవర్తికి తెలుసు.

ఆ చక్రవర్తి పేరు మార్కస్ ఆరీలియస్. క్రీస్తుశకం 161 నుంచి 180 వరకు రోము సామ్రాజ్యాన్ని పాలించాడు. పాలనలో సగం కాలం దాన్యూబు నది ఒడ్డున యుద్ధ శిబిరాలలో గడిచింది. దేశమంతటా మహమ్మారి ప్రబలింది. పుట్టిన బిడ్డలలో అధికులు చిన్నతనంలోనే పోయారు. అతడు డేరాలో కూర్చుండి, ఎవరికీ చూపే ఉద్దేశం లేకుండా, గ్రీకు భాషలో తనకు తానే హితవు చెప్పుకుంటూ రాసుకున్నాడు. పొద్దున లేవగానే ఆనాడు ఎదురుపడబోయే కృతఘ్నులను, అసూయాపరులను ముందే తలచుకోవడం, వారిపై కోపించకుండా ఉండగల కారణాలు వెదకడం, తన అధీనంలో ఉన్నదేది, లేనిదేది అని తేల్చుకోవడం, ఇవి ఆ రాతలలోని సాధనలు. ఈ విద్య అతనికి ఎపిక్టీటస్ అనే తత్త్వవేత్త బోధనల ద్వారా అబ్బింది. ఎపిక్టీటస్ ఒకప్పుడు బానిస, కుంటివాడు. బానిస చెప్పిన పాఠాన్ని చక్రవర్తి నేర్చుకున్నాడన్నమాట. వీరిని స్టోయిక్కులు అంటారు. సంఘటనలు మనిషిని నేరుగా కలతపెట్టవు, వాటి గురించి అతడు ఏర్పరచుకునే అభిప్రాయమే కలతకు మూలం అన్నది వారి బోధ సారాంశం.

రాజాజీ ఈ మార్కస్ ఆరీలియస్ ఆలోచనలను తమిళంలోకి తెచ్చారు. సోక్రటీసు చరిత్రను కూడా తమిళులకు అందించారు. రామాయణ భారతాలను తిరిగి చెప్పిన కథకుడుగా ఆయనకు దక్కిన కీర్తి ముందు ఈ చిన్న పుస్తకాలు మరుగున పడ్డాయి. భగవద్గీతపై, ఉపనిషత్తులపై వ్యాఖ్యానించినవాడు ఒక రోము చక్రవర్తి సొంత రాతలలో ఏమి చూచాడు అనిపించవచ్చు. అతడు రాసినది సిద్ధాంతం కాదు, రోజువారీ అభ్యాసం. ఆచరణను కోరే మనిషికి అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

ఈ స్టోయిక్కుల మాటే ఇరవయ్యవ శతాబ్దపు నడుమ అమెరికాలో వైద్యరూపం ధరించింది. న్యూయార్కులో ఆల్బర్ట్ ఎల్లిస్ 1955 ప్రాంతంలో, ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ 1960 దశకంలో, ఎవరికి వారుగా ఈ మార్గానికి వచ్చారు. ఇద్దరూ మొదట ఫ్రాయిడు మనోవిశ్లేషణలో శిక్షణ పొందినవారే. కుంగుబాటుతో వచ్చిన రోగుల మాటలు వింటున్నప్పుడు, వారి మనస్సులో ఒక ఆలోచన క్షణంలో మెరిసి, దాని వెంటనే దుఃఖం పొంగుతున్నదని బెక్ గమనించారు. ఆ ఆలోచనను పట్టుకుని, అది ఎంతవరకు నిజమో సాక్ష్యాలతో పరీక్షించడం రోగికి నేర్పిస్తే బాధ తగ్గుతున్నదని కనుగొన్నారు. 1979లో తన సహచరులతో వెలువరించిన గ్రంథంలో ఈ చికిత్సకు తాత్త్విక మూలం స్టోయిక్కులలో ఉందని ఆయన అంగీకరించారు. ఎల్లిస్ అయితే ఎపిక్టీటస్‌కు తన ఋణాన్ని బాహాటంగానే చాటుకున్నారు.

మన ఊరి ఉదాహరణతో చూడవచ్చు. బెంగళూరు పనికి వెళ్ళిన భర్త రాత్రి తొమ్మిది దాటినా రాలేదు, ఫోను ఎత్తడం లేదు. ఒక ఇల్లాలు అత్తిబెలె దగ్గర లారీలు నిలిచిపోయి ఉంటాయని అనుకుని వంటపాత్రలు మూసి పడుకుంటుంది. మరొక ఇల్లాలికి అతడు తనను వదిలి వెళ్ళిపోయాడన్న తలపు మెరుస్తుంది. గుండె దడ, ఏడుపు, కోపం. అతడు ఇల్లు చేరేసరికి తలుపు గడియ పడి ఉంటుంది, లేదా ఆమె చేతికి గాయం ఉంటుంది. సంఘటన రెండిళ్ళలో ఒకటే. మొదటిది సాధారణమైన ఆందోళన అయితే ఒక నోటుపుస్తకంలో సంఘటన, తలపు, బాధ, సాక్ష్యం అని గీతలు గీసి రాయించే పద్ధతితో కొన్ని వారాలలో చక్కబడవచ్చు. రెండవ ఇంటి సంగతి అంత సులువు కాదు. ఆ ఒక్క రాత్రి మాత్రమే కాదు, పదిహేనేళ్ళ వయసు నుంచి ప్రతి బంధంలోనూ ఆమెకు అదే తలపు వస్తున్నదేమో చూడవలసి ఉంటుంది.

ఇక రాజాజీ జీవితంలో రెండవ ఘట్టం. 1925లో ఆయన బిడ్డలతో సహా తిరుచెంగోడు వద్ద పుదుపాళెంలో గాంధీ ఆశ్రమం స్థాపించి అక్కడే కాపురం పెట్టారు. అనావృష్టితో అల్లాడే మెట్ట ప్రాంతం. ఖద్దరు వడికించడం, నూతులు తవ్వించడం, అంటరానితనాన్ని తొలగించడం ఆశ్రమం పనులు. అయితే కూలిడబ్బు కల్లు దుకాణం గడప దాటి ఇంటికి చేరడం లేదని ఆయనకు త్వరలోనే అర్థమైంది. 1929లో మద్యనిషేధం కోసమే విమోచనం అనే తమిళ పత్రిక ప్రారంభించారు. తరువాత నవలాకారుడుగా ప్రసిద్ధుడైన కల్కి కృష్ణమూర్తి ఆ పత్రికలో ఆయనకు తోడుగా పనిచేశారు. బొమ్మలు, కథలు, లెక్కలతో తాగుబోతు సంసారం ఎలా చితికిపోతుందో ఆ పత్రిక వివరించింది. ఇది లోపలి మార్గం, అంటే మనిషి ఆలోచనను కదిలించే ప్రయత్నం.

ఆ ప్రయత్నం చాలదని ఆయన తలచారు. 1937 జూలైలో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయిన వెంటనే, అక్టోబరు 1 నుంచి సేలం జిల్లాలో మద్యనిషేధం విధించారు. హోసూరు, కృష్ణగిరి పల్లెలలో ఒక్కసారిగా కల్లు, సారాయి దుకాణాలు మూతపడ్డాయి. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు, ఆపై ఉత్తర ఆర్కాటుకు దానిని విస్తరింపజేశారు. ఖజానాకు పడిన గండిని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. నేటికీ దుకాణంలో మనం చెల్లించే పన్నుల వంశవృక్షంలో ఆ సేలం ప్రయోగం ఒక వేరు.

ప్రవర్తనా చికిత్సలో ఈ పద్ధతికి చోటు ఉంది. చెడు అలవాటును రేపే వస్తువును, చోటును, వేళను దూరం చేయడం అందులో మొదటి మెట్లలో ఒకటి. జీతం అందిన సాయంత్రం దుకాణం ఉన్న వీధిలో నడవకపోవడం, డబ్బు భార్య చేతికి ఇచ్చి రావడం వంటివి చికిత్సకులు నేటికీ సూచిస్తారు. రాజాజీ చేసినది ఇదే పని, జిల్లా అంతటికీ, చట్టం చేత. ఇక్కడే సరిహద్దు వాసులకు బాగా తెలిసిన చిక్కు ఒకటి ఉంది. సేలం జిల్లా చట్టం సేలం జిల్లా ఎల్లతో ఆగిపోతుంది. హోసూరు నుంచి నాలుగు మైళ్ళు నడిస్తే మైసూరు సంస్థానం. బయటి అడ్డుకట్ట ఎంత ఎత్తయినా దానికి ఒక పొలిమేర ఉంటుంది. ఆయన చట్టం వల్ల ఎన్నో సంసారాలు ఊపిరి పీల్చుకున్నాయన్నది నిజం. చట్టం ఉన్నంత వరకే అది నిలిచిందన్నది కూడా నిజం. 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది, కొన్నేళ్ళకు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసింది.

తాగుడు ఒక జబ్బు, వ్యక్తిత్వ రుగ్మత వేరొకటి. రెండూ ఒకే మనిషిలో కలిసి కనబడడం సాధారణం కనుక ఇంటివారు రెంటినీ ఒకటిగా చూస్తారు. తాగుడు మానితే అన్నీ సర్దుకుంటాయనుకుని, మానిన తరువాత కూడా అదే అనుమానం, అదే ఉగ్రత కొనసాగినప్పుడు నిరాశపడతారు.

రాజాజీ స్వభావంలోనూ ఒక మొండితనం ఉంది. దానిని దాచి ఆయన చరిత్ర చెప్పడం న్యాయం కాదు. 1938లో పాఠశాలలలో హిందీని నిర్బంధం చేశారు. నిరసించిన వెయ్యిమందికి పైగా జైలుకు వెళ్ళారు, ఇద్దరు ఖైదులో ఉండగానే మరణించారు. ఆయన చలించలేదు. 1952లో మళ్ళీ ముఖ్యమంత్రి అయిన తరువాత, పిల్లలు సగంపూట బడి, సగంపూట ఇంటి వృత్తి నేర్వాలనే పథకం ప్రవేశపెట్టారు. కులవృత్తులను శాశ్వతం చేసే పథకమని అది తీవ్ర వ్యతిరేకతకు గురైంది. 1954లో ఆయన పదవి వీడక తప్పలేదు. తెలుగువారికి వేరే గాయం కూడా ఉంది. పొట్టి శ్రీరాములు నిరశన వ్రతంలో 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచినప్పుడు మద్రాసులో ముఖ్యమంత్రి రాజాజీయే. మద్రాసు నగరాన్ని వదులుకోవడానికి ఆయన సమ్మతించలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన పుట్టిన హోసూరు తాలూకా, అందులోని తెలుగు పల్లెలతో సహా, మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఈ విషయంలో ఆయనను నిందించేవారి మాటలో బలం లేదనలేము.

అయితే మొండితనం రుగ్మత కాదు. ఈ తేడా తెలియకనే మన ఇళ్ళలో చిక్కు వస్తుంది. కొందరు ప్రతి కోపిష్టికీ జబ్బు పేరు అంటగడతారు. మరికొందరు నిజంగా బాధపడేవారిని బుద్ధి చెడినవారని వదిలేస్తారు. ఒక మనిషి తననూ ఇతరులనూ చూచుకునే తీరు యౌవనారంభం నుంచి గట్టిపడిపోయి, ఇంట్లో, పనిలో, స్నేహంలో ఒకేలా అడ్డుతగులుతూ, అనుభవం ఎంత ఎదురు చెప్పినా సడలక, ఏళ్ళ తరబడి అతనికో చుట్టుపక్కలవారికో తీవ్రమైన బాధ కలిగిస్తున్నప్పుడే వైద్యులు దానిని వ్యక్తిత్వ రుగ్మత అంటారు. కారణం లేని సందేహంతో అందరినీ శత్రువులుగా చూడడం ఒక రూపం. నవ్వులపాలవుతానన్న భయంతో మనుషులకే దూరమవడం, ఒంటరిగా ఏ నిర్ణయమూ చేయలేకపోవడం, ప్రతి చిన్న లోపాన్నీ మహాపరాధంగా పట్టుకోవడం ఇంకొన్ని. వదిలివేయబడతానన్న భీతితో క్షణక్షణం ప్రేమకూ ద్వేషానికీ మధ్య ఊగిసలాడి, తన ఒంటికి తానే హాని చేసుకునే రూపం అన్నిటికన్న ప్రాణాంతకం.

రాజాజీని ఈ గీటురాయిపై చూస్తే తేడా స్పష్టమవుతుంది. 1938లో హిందీని నిర్బంధించిన మనిషే, 1950 దశకం చివరికి దేశ పరిస్థితి చూచి తన అభిప్రాయాన్ని పూర్తిగా మార్చుకుని, హిందీని ఏకైక అధికార భాష చేయడాన్ని ప్రతిఘటించినవారి ముందు వరుసలో నిలిచారు. అప్పటికి ఆయన వయసు ఎనభై. జీవితమంతా కాంగ్రెసులో గడిపి 1959లో తెలుగువాడైన ఎన్.జి.రంగా వంటివారితో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించారు. ఒకప్పుడు తాను జైలులో పెట్టించినవారి శిబిరం నుంచి ఎదిగిన ద్రవిడ మున్నేట్ర కళగంతో 1967 ఎన్నికలలో చేతులు కలిపారు. రాజకీయంలో బద్ధవిరోధి అయిన పెరియార్ రామస్వామి నాయకర్‌తో ఆయన స్నేహం ఏనాడూ తెగలేదు. సాక్ష్యం మారినప్పుడు అభిప్రాయం మార్చుకోగలగడం, విభేదం వచ్చినా బంధం నిలుపుకోగలగడం, ఈ రెండే వ్యక్తిత్వ రుగ్మతలో దెబ్బతినే శక్తులు.

మరి అవి దెబ్బతిన్నవారి మాటేమిటి? చాలాకాలం వైద్యులు కూడా పెదవి విరిచారు. బెక్ చికిత్స మొదట కుంగుబాటుకు, భయాలకు రూపొందినది. పది పదిహేను వారాలలో ముగిసే ఆ చికిత్స వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవారిలో పనిచేయడం లేదని తేలింది. కారణం వెదకగా, క్షణంలో మెరిసే తలపుకు అడుగున, చిన్ననాడే పాతుకుపోయిన ఒక మూల విశ్వాసం ఉన్నదని గుర్తించారు. నన్ను ఎవరూ అక్కర పెట్టుకోరు, లోకం మోసంతో నిండినది, నేను పనికిరానివాడిని వంటివి అవి. తాగి వచ్చిన తండ్రి చేతిలో నిత్యం దెబ్బలు తిన్న పిల్లవాడికి ఆ వయసులో లోకం ప్రమాదకరమన్న నమ్మకం తప్పు కాదు, అది అతణ్ణి కాపాడింది కూడా. ముప్ఫై ఏళ్ళ వయసులో భార్యను, పైఅధికారిని, పొరుగువాడిని ఆ కళ్ళతోనే చూచినప్పుడు అదే నమ్మకం అతణ్ణి కాలుస్తుంది. 1990లో బెక్, ఆర్థర్ ఫ్రీమన్ మొదలైనవారు వ్యక్తిత్వ రుగ్మతలకే ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించారు. ఇక్కడ చికిత్స నెలలు కాదు, ఏడాది, రెండేళ్ళు. తలపులను రాయించడంతో పాటు చిన్ననాటి ఘట్టాలను తిరిగి నటింపజేయడం, నమ్మకాన్ని చిన్నచిన్న ప్రయోగాలతో పరీక్షించడం ఉంటాయి. ఎవరినీ నమ్మని మనిషి పొరుగువాడికి ఒక పార అరువిచ్చి, అది తిరిగి వచ్చిందో లేదో రాసుకోవడం కూడా ప్రయోగమే. అన్నిటికన్న ముఖ్యం, చికిత్సకుడితో ఏర్పడే సంబంధం. రోగి తన పాత భయాన్ని ఆ సంబంధంపై కూడా ప్రయోగిస్తాడు. అప్పుడు చికిత్సకుడు విసుగు చెందక నిలబడడమే పాత నమ్మకానికి తొలి ఎదురు సాక్ష్యం.

తనకు తాను హాని చేసుకునే రూపానికి మార్షా లినెహన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మరొక శాఖ కల్పించారు. మారాలి, మారాలి అని మాత్రమే చెబితే ఈ రోగులు నిందగా భావించి చికిత్స మానేస్తున్నారని ఆమె గమనించారు. అందుచేత మొదట వారి బాధను బాధగా అంగీకరించడం, ఆ తరువాతే మార్పు కోరడం, ఈ రెంటినీ జంటగా నడిపారు. జెన్ బౌద్ధ ధ్యానం నుంచి మనస్సును నిలకడగా గమనించే అభ్యాసాన్ని తీసుకున్నారు. ఉద్వేగం పొంగినప్పుడు ప్రాణం మీదికి తెచ్చుకోకుండా ఆ గంట గడపడం, కోపాన్ని మాటలలో చెప్పడం, అవసరాన్ని గొడవ లేకుండా అడగడం వంటి నైపుణ్యాలను వారం వారం గుంపులో నేర్పుతారు. 1991లో ఆమె ప్రచురించిన అధ్యయనంలో ఈ చికిత్స పొందినవారు తమకు తాము హాని చేసుకోవడం తగ్గింది, ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గాయి. యౌవనంలో తానే ఇటువంటి బాధతో ఆసుపత్రిలో ఉన్నట్లు ఆమె 2011లో వెల్లడించారు. నెదర్లాండ్స్‌లో 2006లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో, జెఫ్రీ యంగ్ రూపొందించిన స్కీమా చికిత్సను వారానికి రెండుసార్లు చొప్పున మూడేళ్ళు ఇచ్చారు. మంచి ఫలితం కనబడింది. రుగ్మతను నేరుగా నయం చేసే మాత్ర మాత్రం ఏదీ లేదు. తోడుగా వచ్చే కుంగుబాటుకో, నిద్రలేమికో మందులు ఇస్తారు. ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపం ఎరుగని స్వభావం విషయంలో ఈ చికిత్సలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి. అటువంటి ఇంట్లో భార్యాబిడ్డల రక్షణే మొదటి పని.

రాజాజీ రెండు మార్గాలనూ పట్టుకున్నారు, కాని ఒకే మనిషి వద్ద రెంటినీ కలిపి నడిపే విద్య ఆయన కాలానికి అందలేదు. పుస్తకం చదివినవారికి చక్రవర్తి ఆలోచనలు, తాగేవాడికి చట్టం. కల్లు మానిన కూలివాని ఎదుట ఏడాదిపాటు వారం వారం కూర్చుండి, ఏ తలపు అతణ్ణి దుకాణం వైపు నడిపించేదో ఓపికగా వెదికేవారు అప్పట్లో లేరు. నేటికీ మన జిల్లాలలో అటువంటివారు బహు తక్కువ.

వృద్ధాప్యంలోనూ ఆయన విశ్రమించలేదు. 1962లో, ఎనభై మూడేళ్ళ వయసులో, అణ్వస్త్ర పరీక్షలు ఆపవలసిందని అమెరికా అధ్యక్షుడు కెనడీని స్వయంగా కలిసి కోరారు. 1971లో తమిళనాడు ప్రభుత్వం మద్యనిషేధాన్ని ఎత్తివేయాలని నిర్ణయించినప్పుడు, తొంభై రెండేళ్ళ ఆ వృద్ధుడు జోరువానలో ముఖ్యమంత్రి కరుణానిధి ఇంటికి వెళ్ళి, ఒక తరం తాగుడు ఎరుగక పెరిగిందని, వారిని దానికి అప్పగించవద్దని వేడుకున్నారు. ప్రయోజనం లేకపోయింది. ఆ ఆగస్టు చివర నిషేధం తొలగింది. 1972 డిసెంబరు 25న ఆయన మద్రాసులో కన్నుమూశారు. అంత్యక్రియలకు వచ్చిన పెరియార్ కంటతడి పెట్టుకున్నారు.

1974లో దుకాణాలు తిరిగి మూతపడ్డాయి. ఆ తరువాతి ప్రభుత్వాలు తెరిచాయి, మూశాయి, మళ్ళీ తెరిచాయి. 2003 నుంచి చిల్లర మద్యం అమ్మకం కూడా ప్రభుత్వ సంస్థ అయిన టాస్మాక్ చేతిలోకి వచ్చింది. అదే 1974లో, బెంగళూరులో హోసూరు రోడ్డు పక్కన ఉన్న పాత మానసిక వైద్యశాలను, 1954లో దాని ఆవరణలో వెలసిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను కలిపి నిమ్హాన్స్‌గా రూపొందించారు. తొరపల్లి నుంచి ఆ గేటు వరకు బస్సులో ఒక పూట ప్రయాణం కూడా కాదు. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ద్వారా 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడి, దగ్గరలో ఎక్కడ చూపించుకోవాలో అడిగి తెలుసుకోవచ్చు.